మీ పేరు చదవమంటారా?

పోయిన శ్రావణంలో ఐదు శుక్రవారాలు పడ్డాయి. మూడో శుక్రవారం దాకా జగ్గయ్యపేట బజారులో నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను. నాలుగోది వచ్చేసరికి ఫోన్ మోగితే చాలు, కాళ్లూ చేతులూ చల్లబడేవి. ఆ భయం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. పోకపోవడమే మంచిదని కూడా ఒక్కోసారి అనిపిస్తుంది.

నాది బట్టల కొట్టు. మా ఆవిడ తాయారు మంగళహారతులు పాడుతుంది. వాళ్లమ్మ దగ్గర కొన్ని, మా అమ్మ దగ్గర కొన్ని నేర్చుకుంది. మొత్తం నలభై పైచిలుకు పాటలు. పేరంటాలకు వెళ్లినప్పుడు ఎవరైనా పట్టుబడితే పాడేది, అంతే. విజయవాడలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దేవిశ్రీ వేసవిలో ఇంటికొచ్చి, ఒక పాట ఫోన్లో తీసి ఇన్‌స్టాలో పెడదామంది.

"నాకెందుకే ఇవన్నీ? వద్దు," అంది తాయారు, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని.

"మొహమాటంలే. నువ్వు తియ్యి," అన్నాను నేను.

ముప్పై ఏళ్లు దాటింది నేను కొట్టు పెట్టి. 'వద్దు' అనే మాట గురించి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదని నా ధీమా. చీర చూసి వద్దన్నావిడ ముందు ఇంకో నాలుగు విప్పి పరిస్తే, అందులో ఒకటి పట్టుకుని వెళుతుంది. కాఫీ తాగమంటే మొదటిసారే సరేననే మనిషి మా వైపు ఉండడు. మూడుసార్లు వద్దనాలి, మనం నాలుగోసారి గ్లాసు చేతిలో పెట్టాలి. పెట్టకపోతే బయటికెళ్లి మర్యాద తెలియని ఇల్లంటారు.

అలా మొదలైంది 'తాయారమ్మ హారతులు'. రెండు నెలల్లో పదకొండు వేల మంది చేరారు. గౌరమ్మను పుట్టింటికి రమ్మని పిలిచే హారతి ఒకటుంది. 'వాకిట పందిరి వేసితినమ్మా, వచ్చి కూర్చోవే' అని సాగుతుంది. దానికి వచ్చినన్ని లైకులు దేనికీ రాలేదు. కొట్లోకి వచ్చేవాళ్లు "తాయారమ్మగారి కొట్టు ఇదేనాండీ?" అని అడగడం మొదలుపెట్టారు. నేను కుర్చీలోంచి లేచి మరీ అవునని చెప్పేవాణ్ణి.

ఆషాఢం చివర్లో దేవిశ్రీ నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పింది.

"చూడు నాన్నా, ఈ ఫాలోవర్లు మనవాళ్లు కాదు. రేపు ఆ పేజీ పోయిందనుకో, అందరూ పోతారు. అద్దె కొట్టు లాంటిదది. మెయిల్ ఐడీలు తీసుకుని లిస్టు పెట్టుకుంటే మాత్రం అది మన సొంతం. వారం వారం పాట నేరుగా వాళ్లకే పంపొచ్చు."

అద్దె కొట్టంటే నాకు చెప్పాలా? ఓనరు ఉన్నట్టుండి ఖాళీ చేయమంటే సామాను రోడ్డు మీద పెట్టుకున్నవాణ్ణి. క్యాలెండర్లు పంపడానికి రాసి ఉంచుకున్న అడ్రసుల పుస్తకమే అప్పుడు నా బేరాన్ని నిలబెట్టింది. కాబట్టి లిస్టు అనగానే నాకు హుషారొచ్చింది. దేవిశ్రీ ఒక ఫారం తయారుచేసింది. పేరు, ఊరు, ఫోను, మెయిలు, చివర్లో 'అమ్మకు ఏమైనా చెప్పాలా?' అని ఒక గడి. వారం గడిచినా పాతిక మంది కూడా నింపలేదు.

ఊరికే ఎవరిస్తారు? ఆలోచించాను. గుళ్లో అర్చన టికెట్టు తీసుకుని జనం అంతసేపు ఎందుకు నిలబడతారు? దేవుడి ముందు పంతులుగారి నోట తమ పేరు వినపడాలని. అదే మనమూ చేద్దామన్నాను. శ్రావణ శుక్రవారాలు లైవ్ పెడదాం. లిస్టులో చేరినవాళ్ల పేరూ ఊరూ హారతికి ముందు నేను చదువుతాను.

దేవిశ్రీ మెచ్చుకుంది. మెచ్చుకుంటూనే ఫారంలో ఇంకో గడి పెట్టింది. 'లైవ్‌లో మీ పేరు చదవమంటారా? అవును / వద్దు.'

"ఇదెందుకే మధ్యలో?"

"అడగాలి నాన్నా."

మొదటి శుక్రవారం పట్టు కండువా వేసుకుని కూర్చున్నాను. "కంచికచర్ల వాస్తవ్యులు... వీరులపాడు వాస్తవ్యులు..." అని రాగం తీసి చదువుతుంటే కామెంట్లు కుప్పలుగా పడ్డాయి. ఒకావిడ మంచంలో ఉన్న వాళ్ల అత్తగారి పేరు రాసింది. చదివాక ఆ ముసలావిడ చేతులు జోడించిన ఫోటో పంపారు. లిస్టు నాలుగు వందలు దాటింది. రెండో వారం పన్నెండు వందలు. తాయారు పాడుతోందనే సంగతే మరిచిపోయి, జనం నా గొంతు కోసం వస్తున్నారనుకునే స్థితికి వచ్చాను.

మూడో శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. దేవిశ్రీకి సెలవు దొరకలేదు. కొత్తగా చేరినవాళ్ల లిస్టు నేనే ప్రింటు తీశాను. చివరి గడిలో వద్దు అని ఉన్నవాళ్లు అరవై మంది దాకా కనిపించారు. కనిపించలేదని అబద్ధం చెప్పను. మొహమాటస్థులు, పేరు వినపడితే వాళ్లే సంతోషిస్తారులే అనుకున్నాను.

అందులో ఒకమ్మాయి అమ్మకు నాలుగు ముక్కలు రాసింది. అది నాకు ఎంత నచ్చిందో, రెండుసార్లు చదువుకున్నాను. అందుకని లైవ్‌లోనూ మొత్తం చదివాను.

"నందిగామ వాస్తవ్యురాలు అక్షయ. ఈమె ఏం రాసిందో వినండి. 'గౌరమ్మ పాట మా అమ్మ పాడేదమ్మా. అమ్మ పోయాక మళ్లీ మీ నోటే విన్నాను. పాత బస్టాండు వెనక మిషన్ కుట్టుకుంటూ, మా పాపా నేనూ రోజూ వింటున్నాం.'"

తాయారు కళ్లు తుడుచుకుని పాట ఎత్తుకుంది. ఆ ముక్క కత్తిరించి రీల్ పెట్టాను. ఆదివారానికి రెండు లక్షల మంది చూశారు.

సోమవారం పొద్దున కొట్టు తీస్తుంటే ఫోన్ వచ్చింది.

"బాబాయ్‌గారూ, నమస్కారమండి. అమ్మగారు ఎంత బాగా పాడారండీ!" మెత్తటి గొంతు. మాటకు ముందు చిన్నగా దగ్గు. "ఆ నందిగామ అక్షయ మా చెల్లెలండి. ఏదో మాట పట్టింపు వచ్చి ఏడాది నుంచి మాట్లాడట్లేదు. మీ వీడియోలో పేరు వినగానే మా ఇంట్లో అందరం ఏడ్చేశామండి. నంబరేమన్నా ఉంటే..."

నాకు ఒళ్లు పులకరించింది. విడిపోయిన అన్నాచెల్లెళ్లను తాయారమ్మ హారతి కలిపింది! తర్వాతి రీల్ కూడా మనసులో తయారైపోయింది.

"ఉంటుంది బాబూ. చూసి చెప్తా, పది నిమిషాలాగు."

ఫారంలో నంబరు తీసి ముందు ఆ అమ్మాయికే చేశాను. శుభవార్త నా నోటితోనే చెప్పాలని. మంచివాణ్ణయి కాదు, ఆత్రం కొద్దీ.

"అమ్మా అక్షయా, తాయారమ్మ హారతుల నుంచి చెన్నకేశవరావుని. మీ అన్నయ్య ఫోన్ చేశాడమ్మా!"

అవతల కుట్టు మిషన్ చప్పుడు ఆగింది.

"నాకు అన్నయ్య లేడండి."

"మరి ఇప్పుడే నాకు ఫోన్ చేసిందెవరమ్మా?"

"గొంతు మెత్తగా ఉందాండీ? మాటకి ముందు చిన్నగా దగ్గాడా?"

"అవునమ్మా."

"ఆయన మా ఆయనండి." కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. "నా నంబరిచ్చేశారా?"

"లేదు. నీ మీదొట్టు, ఇవ్వలేదు."

"ఏ ఊరో తెలిసిపోయిందన్నమాట. మీరు చదవడం నేనూ విన్నాను. నేను వద్దు అని పెట్టానండీ. అమ్మగారికే రాసుకున్నాను, మీ అందరికీ కాదు."

ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఎడమ చెయ్యి రెండుసార్లు విరిచాడట. రెండుసార్లూ పెద్దమనుషులు రాజీ చేసి పంపారట. పాప మీద చెయ్యి ఎత్తిన రోజున కట్టుబట్టలతో వచ్చేసిందట. ఈసారి దొరికితే ఇద్దర్నీ చంపుతానని వాళ్ల పిన్నితో చెప్పి పంపాడట.

"పోలీసులకి చెబుదామమ్మా."

"చెప్పాలండి. చెప్పేలోపు ఆయన మా గుమ్మంలోకి రాకూడదు కదండీ."

రీల్ తీసేశాను. కానీ అప్పటికే ఎవరెవరో తమ పేజీల్లో పెట్టుకున్నారు. ఎక్కడ నొక్కినా నా కండువా, నా మొహం, నా రాగం. ఆ మెత్తటి గొంతు మళ్లీ మళ్లీ ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఇంట్లో చెప్పలేదు. చెబితే ఆ 'వద్దు' సంగతీ చెప్పాలి. అన్నం ముందు నుంచి లేచి, కడుపులో బాగాలేదని తాయారుతో అబద్ధమాడాను.

మంగళవారం మధ్యాహ్నం అతనే కొట్టుకు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు, చూస్తే బ్యాంకు ఉద్యోగిలా ఉన్నాడు. దగ్గు వినగానే ఎవరో తెలిసిపోయింది.

"ఆరేళ్ల పాపకి గౌను చూపించండి బాబాయ్‌గారూ."

చూపించాను. వంకాయ రంగు గౌను ఎంచుకుని, తీరిగ్గా కుట్లు సరిచూశాడు.

"నంబరు చెప్తానన్నారు. ఫోన్ ఎత్తట్లేదు."

"ఫారంలో లేదు బాబూ. పొరపాటు పడ్డాను."

"పోన్లెండి. రెండు రోజులుగా నందిగామలో తిరుగుతున్నా. బస్టాండు వెనక మిషన్లు చాలానే ఉన్నాయి. దొరుకుద్దిలెండి." గౌను మడత పెట్టి నా వైపు తోశాడు. "ఇది మీ దగ్గరే ఉంచండి. అమ్మగారు పగలంతా ఇంట్లో ఒక్కరే ఉంటారేమో కదా? వీడియోలో వెనక కిటికీలోంచి నీళ్ల ట్యాంకు కనబడుద్ది. ఇందాక చూశా, ట్యాంకు పక్కన మూడో ఇల్లు. ముగ్గు బాగా వేశారు."

నవ్వి వెళ్లిపోయాడు. షట్టరు సగం దింపి ఇంటికి పరిగెత్తాను. చెప్పుల్లేకుండా పరిగెత్తానని సందు మలుపులో గానీ తెలియలేదు.

తాయారు వంటింట్లో పప్పు రుబ్బుతోంది. తలుపు గడియ వేసి, ఆమె కాళ్ల దగ్గరే చతికిలబడి అంతా చెప్పాను. అక్షయ సంగతి, ఫోను, గౌను, ట్యాంకు. ఆమె రుబ్బడం ఆపి వింది.

"పేరు చదవమనే కదా ఆ పిల్ల ఫారం నింపింది? మీరు మాత్రం ఏం చేస్తారు?" అంది చివరికి.

అక్కడితో ఊరుకుని ఉంటే తప్పించుకునేవాణ్ణి.

"వద్దు అని పెట్టింది. చూశాను. మొహమాటమనుకున్నాను."

తాయారు చేతికంటిన పిండి నెమ్మదిగా కడుక్కుంది.

"ఫోన్ ముందు కూర్చోనని నేనూ వద్దన్నాను," అంది. "అదీ మొహమాటమే అనుకున్నారు."

ముప్పై మూడేళ్ల కాపురంలో ఆమె ఎన్నిసార్లు వద్దందో, నేను ఎన్ని గ్లాసులు చేతిలో పెట్టానో, ఆ క్షణంలో లెక్క తోచలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆమె మాత్రం అప్పటికే దేవిశ్రీకి ఫోన్ కలుపుతోంది.

దేవిశ్రీ ముందు అక్షయతో ఫోన్లో మాట్లాడి, ఆమె సరేనన్నాకే కదిలింది. గబగబా ఏర్పాట్లు చేసింది. తనతో పనిచేసే మెర్లిన్‌కు ఒక దూరపు ఊళ్లో ఆడవాళ్ల హాస్టలు నడిపేవాళ్లు తెలుసట. గురువారం మెర్లిన్ కారు తెస్తుంది. తాయారు జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినట్టు సంచి పట్టుకుని వెళ్లి తల్లీకూతుళ్లను ఎక్కిస్తుంది. ఆ హాస్టలున్న ఊళ్లోనే పోలీసులకు కాగితం పెట్టిస్తారు.

"ఏ ఊరంటే..." అని తాయారు మొదలుపెట్టింది.

"నాకు చెప్పొద్దు," అన్నాను.

"నువ్వు నందిగామ రాకు నాన్నా. నీ మొహం అందరికీ తెలుసు," అంది దేవిశ్రీ. తాయారు ఒక్కతే వెళుతుంటే ఇంట్లో కూర్చోలేనని పోట్లాడి బయల్దేరాను. బస్టాండు దాటకూడదని తాయారు షరతు పెట్టింది. పని అయ్యాక ఒక్క రింగు ఇస్తానంది.

గురువారం పదిన్నరకు పాత బస్టాండు దగ్గర దిగాం. సన్నగా తుంపర పడుతోంది. తాయారు సంచి చంకలో పెట్టుకుని వెనక సందులోకి వెళ్లింది. నేను తలకు తువ్వాలు చుట్టుకుని ఒక మూల నిలబడ్డాను.

అప్పుడు నా గొంతు నాకే వినిపించింది.

"నందిగామ వాస్తవ్యురాలు అక్షయ..."

తిరిగి చూశాను. టీ బడ్డీ దగ్గర అతను నిలబడి, ఫోన్ ఎత్తి టీ పోసేవాడికి చూపిస్తున్నాడు. టీ పోసేవాడు తల అడ్డంగా ఊపాడు. పక్కనే నిలబడ్డ ముసలాయన మాత్రం ఫోన్ దగ్గరికి లాక్కుని విన్నాడు. "మిషనమ్మాయా? ఆ సందులో ఒకమ్మాయి ఉండాలే..." అని చెయ్యెత్తి తాయారు వెళ్లిన వైపే చూపించబోయాడు.

నేను ధైర్యవంతుణ్ణి కాను. కుక్క మొరిగితే రోడ్డు మారతాను. ఆ పది అడుగులు ఎలా నడిచానో ఇప్పటికీ తెలియదు.

"బాబూ! నీ కోసమే వచ్చాను," అన్నాను తువ్వాలు తీసేసి. నా గొంతు వణుకుతోంది. వణుకే మేలు చేసిందేమో. "గౌను తీసుకెళ్లలేదు నువ్వు. అక్షయ నిన్న మా కొట్టుకొచ్చింది. పేటలోనే ఉంటోందట. అడ్రసు కొట్లో రాసిపెట్టాను."

అతను నా కళ్లలోకి చూశాడు. చిన్నగా దగ్గాడు.

"ఫోన్లో చెప్పొచ్చుగా."

"ఇలాంటివి అందరికీ వినపడేలా చెప్పకూడదని ఇప్పుడే తెలిసింది బాబూ. మా ఇంటి జోలికి మాత్రం రాకు. ఆ పిల్ల ఎక్కడుందో చూపించి నా దారిన నేను పోతా."

పిరికివాడు బేరమాడుతున్నాడనుకున్నాడు. అది నిజమే కాబట్టి నమ్మాడు. జగ్గయ్యపేట బస్సు కదలబోతుంటే ఎక్కాం. నన్ను కిటికీ పక్కకు తోసి, నేను దిగే వీల్లేకుండా తను ఇవతల కూర్చున్నాడు. దారి పొడుగునా నా మోకాలికి అతని మోకాలు ఆనించే ఉంచాడు. ఒకసారి సన్నగా గౌరమ్మ పాట కూనిరాగం తీశాడు. పాట మొత్తం వచ్చు అతనికి.

చిల్లకల్లు దాటుతుండగా జేబులో ఫోన్ మోగింది. ఒక్క రింగు.

"ఎవరండీ?"

"మా ఆవిడ. భోజనానికొస్తానా లేదా అని."

అక్కణ్నుంచి పేట దాకా నేను ఏడుస్తూనే ఉన్నాను. కళ్లలో దుమ్ము పడిందన్నాను. వానలో దుమ్మేమిటని అతను అడగలేదు.

కొట్లోకి వెళ్లి గౌను పొట్లం అతని ముందు పెట్టాను.

"అడ్రసు?"

"లేదు. ఎక్కడుందో నాకు తెలీదు. తెలుసుకోను కూడా."

చెంప మీద పడిన దెబ్బకు కళ్లజోడు ఎగిరి పంచెల దొంతరల్లో పడింది. రెండోది పడకముందే పక్క చెప్పుల కొట్టు రత్నబాబు వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు. బజారంతా పోగైంది. జనాన్ని చూసి అతను మళ్లీ మెత్తబడిపోయాడు. "పెద్దాయన, తొందరపడ్డానండి," అని అందరికీ దండం పెట్టి, గౌను పొట్లం తీసుకుని మరీ వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం రత్నబాబు నన్ను స్టేషనుకు తీసుకెళ్లి కంప్లయింటు రాయించాడు. కొట్లో పెట్టిన సీసీ కెమెరాలో అతను కొట్టిన బొమ్మ ఉంది కాబట్టి పని తేలికైంది. అతన్ని పిలిపించారు, కేసు పెట్టారు. బెయిలు మీద బయటే ఉన్నాడు.

నాలుగో శుక్రవారం లైవ్ లేదు. పేజీలో ఉన్న వీడియోలన్నీ తీసేశాం. పదకొండు వేలు ముప్పై వేలైన పేజీ అది. లిస్టులో ఊళ్లు, ఫోన్లు, పేర్లు అన్నీ దేవిశ్రీ చేత చెరిపించాను. మెయిళ్లు మాత్రం మిగిలాయి. ఐదో శుక్రవారం పొద్దున తాయారును అడిగాను, కనీసం పాట ఒక్కటి రికార్డు చేసి వాళ్లకు పంపుదామా అని.

"వద్దు," అంది.

ఫోన్ సొరుగులో పెట్టేసి కొట్టుకు వెళ్లాను. రెండోసారి అడగలేదు. నా వంక అదోలా చూసింది, కాపురానికొచ్చాక మొదటిసారి చూసినట్టు.

కార్తీకంలో ఒకరోజు తనే ఫోన్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "గొంతు ఒక్కటే. బొమ్మ వద్దు," అంది. అప్పటి నుంచి నెలకో పాట మెయిల్లో వెళుతోంది. కొత్తగా చేరేవాళ్లకు ఫారంలో రెండే గడులు. మెయిలు, అమ్మకు ఏమైనా చెప్పాలా అన్నది.

పోయిన వారం ఒక ఫారం వచ్చింది. ఎప్పుడూ చూడని మెయిలు, అందులో అంకెలు తప్ప పేరు లేదు. కింద రెండు ముక్కలున్నాయి.

'గౌరమ్మ పాట పంపండి. పేరు చదవొద్దు.'

దాన్ని ఎన్నిసార్లు చదివానో. అక్షయే అయి ఉండాలి. ఎక్కడో ఒక ఊళ్లో, గౌను తొడుక్కునే వయసు పాపను పక్కన పెట్టుకుని, మిషన్ ముందు కూర్చుని రాసి ఉండాలి. లేదా అతనే అయి ఉండొచ్చు. అతనికీ వచ్చు ఆ పాట. నేను ఆత్రంగా ఏదో ఒకటి రాస్తానని కనిపెట్టుకుని ఉండొచ్చు.

'అమ్మా, నువ్వేనా? బాగున్నావా? పాప బాగుందా?' అని టైపు చేశాను. వేలు బటన్ మీద పెట్టి చాలాసేపు కూర్చున్నాను. పంపితే నా మనసు కుదుటపడుతుంది. నా మనసే కుదుటపడుతుంది.

ఒక్కో అక్షరం చెరిపేశాను. పాట మాత్రం పంపాను.